కారణం తేలలేదు సరే, ఆలస్యం తేలింది కదా!

(ఉద్దానం కిడ్నీ బాధితుల నష్టపరిహారంపై పలాసలో జరిగిన సభలో మా విలేకరి చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, వకీల్ని కాను. డిగ్రీ చదివి పత్రికలో రాసుకుంటున్నవాణ్ణి. ధర్నాల్లో మీ పక్కన కూర్చున్నవాణ్ణి. కాబట్టి పెద్ద పెద్ద మాటలు చెప్పను, ఒక్క ప్రశ్న వేస్తాను. ఉద్దానంలో ఇన్నేళ్లుగా మనుషులు పోతున్నారు. ఆసుపత్రి కావాలని అడిగాం. మంచినీళ్లు కావాలని అడిగాం. పింఛను కావాలని అడిగాం. పోయిన ప్రాణానికి, పాడైన ఒంటికి, వైద్యం కోసం అమ్ముకున్న తోటకు నష్టపరిహారం కావాలని ఎందుకు గట్టిగా అడగలేదు?

ఎందుకంటే, అది అడగదగ్గ హక్కని మనకెవరూ చెప్పలేదు. ఇచ్చింది పుచ్చుకుని దండం పెట్టడం అలవాటైపోయింది.

వచ్చినదాన్ని కాదనం

ఉద్దానానికి ఏమీ రాలేదని నేననను. అంటే అబద్ధం అవుతుంది. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను 2019లో వచ్చింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకాన్ని మొదలుపెట్టారు. దానికి 700 కోట్లు ఖర్చుపెట్టామని, 807 గ్రామాలకు నీళ్లని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. ఇవి ఎవరో దయతో ఇచ్చినవి కావు. మీరు రోడ్డెక్కితే, పత్రికలు రాస్తే, డాక్టర్లు మొత్తుకుంటే వచ్చినవి.

కానీ ఒకటి గమనించండి. ఇవన్నీ రేపటికి సంబంధించినవి. రేపు తాగే నీళ్లు, రేపు చేసే వైద్యం, వచ్చే నెల పింఛను. నిన్న జరిగిన నష్టం మాటేమిటి? పాతికేళ్లకే తాళి తెంచుకున్న మనిషికి, బడి మానేసి జీడి పప్పు ఫ్యాక్టరీకి పోయిన పిల్లకి ఈ పైపులైను ఏం సమాధానం చెబుతుంది?

పింఛనుకూ పరిహారానికీ తేడా

పింఛను అంటే, నువ్వు కష్టంలో ఉన్నావు కాబట్టి ఇస్తున్నాను అనడం. పరిహారం అంటే, నా వల్ల నీకు నష్టం జరిగింది కాబట్టి ఇస్తున్నాను అనడం. డబ్బు డబ్బే అనుకోకండి. మొదటిదాంట్లో చెయ్యి కింద ఉంటుంది. రెండోదాంట్లో తల పైకి ఉంటుంది.

ఇంకో తేడా ఉంది. పింఛను ఒక జీవోతో వస్తుంది, ఇంకో జీవోతో మారుతుంది. దాని కొలతలు వాళ్లవే. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకు పింఛను పెట్టినప్పుడు ఏం షరతు పెట్టారో గుర్తుందా? రక్తంలో క్రియాటినిన్ 5 దాటాలి, లేదా కిడ్నీ వడపోత 15 కంటే పడిపోవాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి క్రియాటినిన్ ఒకటి, ఒకటింపావు ఉంటుంది. మరి 4 ఉన్నవాడు కొబ్బరిచెట్టు ఎక్కగలడా? ఎక్కలేడు. కూలికి పోగలడా? పోలేడు. కానీ అర్హుడు కాడు. అర్హుడు కావాలంటే ఇంకా చెడిపోవాలి! అది జబ్బుకు కట్టిన లెక్క. బతుకుకు జరిగిన నష్టానికి కట్టిన లెక్క కాదు. పరిహారమంటే పోయిన కూలి, చేసిన అప్పు, చదువు ఆగిన పిల్లలు, ఇవన్నీ లెక్కలోకి రావాలి.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాసు లీకైంది. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబాలకు తలా కోటి రూపాయలు ప్రకటించింది. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు ముందుగా డిపాజిట్ చెయ్యమని కంపెనీని ఆదేశించింది. ఆ కుటుంబాలకు ఇచ్చినందుకు మనకు అసూయ లేదు. ఇవ్వాల్సిందే. కానీ ఒక్క రాత్రిలో కెమెరాల ముందు చచ్చిపోతే ఒక న్యాయం, ఇరవై ఏళ్లపాటు ఇంటి అరుగు మీద మెల్లమెల్లగా చచ్చిపోతే ఇంకో న్యాయమా?

‘కారణం తేలలేదు’ అనే గోడ

ఈ మాట అడగ్గానే ఒక జవాబు వస్తుంది. మిత్రులైన వకీళ్లు కూడా చెబుతారు. ‘విశాఖలో కంపెనీ ఉంది, గ్యాసు ఉంది. ఉద్దానంలో ఏముంది? ముద్దాయి ఎవడు?’ అని. ఈ వాదనను తేలిగ్గా తీసేయకూడదు. నిజాయితీగా ఎదుర్కోవాలి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో చేసిన సర్వేలు పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నదని చెప్పాయి. వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణం కనపడలేదు. నీళ్లలో సిలికా అన్నారు. సీసం వంటి భారలోహాలు అన్నారు. పురుగు మందులు అన్నారు. ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు. ఒళ్లు నొప్పుల బిళ్లలు అన్నారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే చర్చ. నీళ్లే కారణమని ఈ రోజు కోర్టులో రుజువు చేయగలమా? చేయలేం. ఆ మాట ఒప్పుకుందాం.

కానీ మిత్రులారా, కారణం తేలలేదు సరే, ఆలస్యం తేలింది కదా! 2000 సంవత్సరం తర్వాత తొలి ఏళ్ల నుంచే ఇక్కడి డాక్టర్లు చెబుతున్నారు, పత్రికలు రాస్తున్నాయి. రక్షిత నీటి పథకం మొదలైంది 2023 చివర్లో. మధ్యలో రెండు దశాబ్దాలు! పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది. మనం తాగిన బోరు నీళ్లు మారలేదు. నీళ్ల మీద అనుమానం లేకపోతే 700 కోట్లు ఎందుకు ఖర్చుపెట్టారు? అనుమానం ఉంటే ఇరవై ఏళ్లు ఎందుకు ఆగారు? ఈ రెండు ప్రశ్నల్లో దేనికి జవాబు చెప్పినా ప్రభుత్వం దొరికిపోతుంది.

పోనీ, కారణం నీళ్లు కాదు, ఎండ అని రేపు తేలిందనుకుందాం. అప్పుడైనా ఇంటింటికీ తిరిగి రక్తపరీక్ష చేసి, మొదటి దశలోనే చెప్పి ఉంటే ఎంతమంది డయాలసిస్ దాకా రాకుండా ఆగేవారు? ఆ ఆలస్యానికి బాధ్యులెవరు? కాబట్టి మన కేసు జబ్బు మీద కాదు, ఆలస్యం మీద. ముద్దాయి ఎవరంటే, తెలిసి ఊరుకున్నవాడు.

ఫ్లింట్ ఊరు నేర్పిన పాఠం

అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరుంది. లక్ష జనాభా. నల్లవాళ్లు, పేదవాళ్లు ఎక్కువ. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని అధికారులు డెట్రాయిట్ నీళ్లు మానిపించి ఫ్లింట్ నది నీళ్లు వదిలారు. పాత పైపులు తినకుండా కలపాల్సిన మందు కలపలేదు. పైపుల్లోని సీసం కరిగి కుళాయిలోకి వచ్చింది. సీసానికి రంగు లేదు, రుచి లేదు. పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కిడ్నీలనూ పాడుచేస్తుంది. జనం గగ్గోలు పెడితే నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. వింతేమిటంటే, అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ, ఈ నీళ్లకు మా ఇంజను సామాన్లు తుప్పుపడుతున్నాయని ఆ నీళ్లు మానేసింది. ఇనుముకు పనికిరాని నీళ్లు మనుషులు ఇంకో ఏడాది తాగారు!

అప్పుడు అక్కడి ఆడవాళ్లు కదిలారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు సీసాలు పంపిస్తే, ఊరివాళ్లే ఇంటింటికీ తిరిగి 250కి పైగా ఇళ్ల నీళ్లు పట్టి పంపారు. మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు ఆసుపత్రి రికార్డులు తీసి, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని బయటపెట్టారు. అక్టోబరులో పాత నీళ్లు మళ్లీ వచ్చాయి. అక్కడితో వాళ్లు ఆగలేదు. ఊరంతా కలిసి దావా వేశారు. 62 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందానికి 2021 నవంబరులో కోర్టు ఆమోదం తెలిపింది. మన డబ్బులో నాలుగున్నర వేల కోట్ల పైమాటే. అందులో అత్యధిక భాగం, దాదాపు 80 శాతం, అప్పటికి మైనర్లుగా ఉన్న పిల్లలకు కేటాయించారు. కట్టినవాళ్లలో పెద్ద వాటా ఎవరిది? ఫ్యాక్టరీది కాదు. రాష్ట్ర ప్రభుత్వానిది. 60 కోట్ల డాలర్లు.

ఆ ఒప్పందం తర్వాత కూడా డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. దాన్ని స్వర్గమని నేను చెప్పడం లేదు. రెండు సంగతులు మాత్రం పట్టుకోండి. నీళ్లిచ్చే ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టవచ్చు. నిలబెట్టాలంటే మన చేతిలో కాగితం ఉండాలి.

మన దగ్గర ఏం జరిగింది?

ఏలూరు గుర్తుంది కదా. 2020 డిసెంబరు మొదటి వారంలో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయంది. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం చెప్పింది. రోగులు ఇళ్లకు పోయారు. నిపుణులు వచ్చారు, నమూనాలు తీశారు, నివేదికలు ఇచ్చారు. అన్ని నివేదికలూ ప్రభుత్వ బీరువాలోకి పోతే, బాధితుడి చేతిలో మిగిలింది డిశ్చార్జి కాగితం ఒక్కటే.

కేరళలో ప్లాచిమడ. కోకాకోలా ఫ్యాక్టరీ ఎరువని చెప్పి రైతులకిచ్చిన మడ్డిలో సీసం, కాడ్మియం ఉన్నాయని 2003లో బయటపడింది. 2004లో ఫ్యాక్టరీ మూతపడింది. ప్రభుత్వం వేసిన కమిటీ 216 కోట్ల నష్టమని లెక్కగట్టింది. పరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ కోసం 2011లో అసెంబ్లీ బిల్లు పాసు చేసింది. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఫ్యాక్టరీని మూయించిన ఊరు పరిహారం దగ్గర ఢిల్లీలో ఆగిపోయింది.

పటాన్‌చెరులో ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు పోయారు. డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్లు జీవితమంతా దానికే పెట్టారు. కోర్టు ఆదేశంతో జిల్లా జడ్జి రైతుల పంటనష్టం లెక్కగట్టారు. ఎలా కట్టగలిగారు? పొలానికి పహాణీ ఉంది. పంటకు లెక్క ఉంది. మన ఒంటికి పహాణీ ఏదీ?

భోపాల్ పాఠం ఇంకా చేదు. 1985లో కేంద్రం చట్టం చేసి, బాధితులందరి తరఫునా నేనే పోరాడతానని కేసును తన చేతిలోకి తీసుకుంది. 330 కోట్ల డాలర్లు అడిగి, 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. బాధితుల్ని ఒక్కమాట అడగలేదు. మళ్లీ అడిగితే 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి మన తరఫున ఇంకొకరు సంతకం పెట్టే అధికారం ఎవరికీ ఇవ్వకూడదు. ఆ ఇంకొకరు ప్రభుత్వమైనా సరే, పార్టీ అయినా సరే, ఈ వేదిక మీద ఉన్న మేమైనా సరే!

చట్టంలో దారులున్నాయి

మంచినీళ్లు బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి చెందిన కేసులోనే, హైదరాబాదు జంట జలాశయాల విషయంలో ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో, మళ్లీ చెప్పింది. 1996లో వెల్లూరు తోళ్ల ఫ్యాక్టరీల కేసులో ఇంకో మంచి మాట అంది. శాస్త్రం పూర్తిగా తేల్చలేదన్న సాకుతో ప్రభుత్వం ముందుజాగ్రత్త మానకూడదని. ‘కారణం తేలలేదు’ అనేవాళ్లకు మనం చూపించాల్సిన తీర్పు అది.

ఒకే నష్టం పొందిన జనం అందరి తరఫునా కొందరు దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డరు 1 రూలు 8 ఉంది. కోర్టు అనుమతి తీసుకుని, అందరికీ నోటీసు ఇచ్చి, ఊరంతటి తరఫునా నడపవచ్చు. హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రభుత్వం బతికే హక్కును కాలరాస్తే పరిహారం కట్టించవచ్చని 1993లో నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షను కింద పరిహారం అడగవచ్చు. కానీ అక్కడ ఐదేళ్ల గడువుంది. నష్టం మొదలైననాటి నుంచి ఐదేళ్లు.

ఈ గడువు మాట ఉద్దానానికే కాదు. విజయనగరం జిల్లాలో మాంగనీసు గనుల పక్కన, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల పక్కన బతుకుతున్నవాళ్లూ, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల పక్కన ఉన్నవాళ్లూ వినండి. జబ్బు వచ్చాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. ఈ రోజే మీ బావి నీళ్లు పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం. గ్రామాల్లో ఇచ్చే చిన్న కిట్లు ఫ్లోరైడు, క్లోరైడు, నైట్రేటు వంటివి చూపిస్తాయి గానీ సీసాన్ని పట్టుకోవు. దానికి పెద్ద లేబరేటరీ కావాలి. కిట్టు చూపించి ‘నీళ్లు భేష్’ అంటే నమ్మకండి.

కాగితమే మన ఆయుధం

ఇప్పుడు పని సంగతి. ప్రతి ఊళ్లో పదిమంది చదువుకున్న పిల్లలు, పదిమంది డ్వాక్రా అక్కలు కూర్చుంటే నెల రోజుల్లో అయ్యే పని.

ఒకటి. ఇంటింటి పుస్తకం రాయాలి. ఎవరికి జబ్బు, ఎప్పుడు బయటపడింది, ఏ బావి, ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారు, ఏం పని చేశారు, వైద్యానికి ఏం అమ్మారు. క్రియాటినిన్ కాగితాలు తేదీల వారీగా జిరాక్సు తీసి పెట్టాలి. గోడకు తగిలించిన సంచిలో చెద పట్టనివ్వకండి.

రెండు. చనిపోయినవాళ్ల సంగతి. మరణ ధ్రువపత్రం ఉంది కదా అనుకుంటాం. అందులో దేనివల్ల పోయారో ఉండదు! 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారమే ఆ పత్రంలో కారణం చూపించరు. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆసుపత్రిలో చనిపోతే కారణం తెలిపే వైద్య ధ్రువపత్రం నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఏడుపులో ఉంటాం, అడగం. పక్కింటివాడు అడగాలి. ఆ ఒక్క కాగితం లేకపోతే కోర్టు లెక్కలో మన మనిషి ఉత్తినే పోయినట్టు.

మూడు. సమాచార హక్కు చట్టం కింద ప్రతి మండలం నుంచి దరఖాస్తు పడాలి. ఇరవై ఏళ్లలో మా ఊరి నీళ్లు ఎన్నిసార్లు పరీక్ష చేశారు, ఏం తేలింది, తేలిన తర్వాత ఏం చేశారు? ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రికార్డు ఇస్తే అది మనకు సాక్ష్యం. రికార్డు లేదంటే అదీ మనకు సాక్ష్యమే.

కాగితం బలం ఈ నేలకు కొత్త కాదు. సోంపేట బీలను పనికిరాని భూమి అని రాసి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. అది బంజరు కాదు, నీటి నేల అని సోంపేట జనం రుజువు చేశారు. 2010 జులై 14న పోలీసు తూటాలకు ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. రోడ్డు మీది పోరాటమూ కావాలి, ఫైలులోని పోరాటమూ కావాలి. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

మన డిమాండ్లు

ప్రభుత్వం ముందు మనం పెట్టాల్సినవి నాలుగు. ఉద్దానంలో చేసిన అన్ని నీటి పరీక్షలు, వైద్య సర్వేల నివేదికలు తెలుగులో పంచాయతీ బోర్డు మీద అంటించాలి. హైకోర్టు జడ్జి చేతిలో నష్టపరిహార కమిషన్ వేయాలి. చనిపోయినవారి కుటుంబాలనూ, డయాలసిస్ దాకా రానివారినీ అందులో చేర్చాలి. ఫ్లింట్‌లో చేసినట్టు పిల్లల వాటా ముందు తీసి పక్కన పెట్టాలి. పరిహారం ఇచ్చామని పింఛను కోయకూడదు, పింఛను ఇస్తున్నామని పరిహారం ఎగ్గొట్టకూడదు.

వంశధార, నాగావళి మన గడపలోంచే పోయి సముద్రంలో కలుస్తున్నాయి. వాటి ఒడ్డు మనుషులు బోరు నీళ్లు తాగి కిడ్నీలు పోగొట్టుకున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడుతున్న మనం ఇదీ గుర్తుపెట్టుకోవాలి. రేపు మన రాష్ట్రం మనకొచ్చినా, సచివాలయంలో మనవాడే కూర్చున్నా, ‘కారణం తేలలేదు’ అనే ఫైలు అతని బల్ల మీదికీ వస్తుంది. అప్పుడు అతని ముందు పెట్టడానికైనా మన దగ్గర పుస్తకం ఉండాలి.

ఈ సభ నుంచి వెళ్లేటప్పుడు ప్రతి ఊరివాళ్లూ రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కుని వెళ్లండి. మొదటి పేజీలో ఊరి పేరు రాయండి. రెండో పేజీ నుంచి మనుషుల పేర్లు రాయండి. బతికున్నవాళ్లవీ, పోయినవాళ్లవీ.

సెలవు.